బాథెల్‌లో మా ఇంటి ముంగిట్లో బార్క్ మల్చ్ వేయించాం, తొమ్మిది నెలల తర్వాత రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు స్టార్లు. కంపెనీ పేరు రాయట్లేదు. ఎందుకంటే పిలిస్తే తిరిగొచ్చి చాలావరకు సరిచేశారు, పైగా మా వీధిలో వేరే వేరే కంపెనీలు చేసిన ముంగిళ్ళు చూస్తే అందరిదీ ఇంచుమించు అదే వరస. కాబట్టి పేరు కన్నా ఏం జరిగిందో చెప్తేనే మీకు పనికొస్తుంది.

మాది సియాటెల్ పక్కన బాథెల్. ముందు నాలుగొందల చదరపు అడుగుల మొక్కల బెడ్ ఒకటి, అందులో ఎర్రాకుల జాపనీస్ మేపుల్ చెట్టు ఒకటి, నాలుగు రోడోడెండ్రాన్లు, హోస్టాలు. డ్రైవ్‌వే పక్కన గోడ వారగా సన్నగా ఒక నూటయాభై అడుగులు. వెనకాల ఫెన్స్ దాకా ఏటవాలుగా దిగిపోయే మూడొందల యాభై, అక్కడ లావెండర్, నా బంతి మొక్కలు, ఎండాకాలం నాలుగు నెలలు గోంగూర, బచ్చలి. మొత్తం 900 అనుకోండి.

మల్చ్ అంటే ఏంటని అడిగేవాళ్ళకి, మొక్కల మధ్య మట్టి బయటికి కనపడకుండా బెరడు ముక్కలో (బార్క్ అంటే అదే) చెక్క ముక్కలో ఎండాకులో కప్పడం, అంతే. మన దగ్గర మిరప, పుచ్చ తోటల్లో ప్లాస్టిక్ షీట్ పరుస్తారు చూడండి, దాన్నీ మల్చింగే అంటారు, ప్రకృతి వ్యవసాయం వాళ్ళు అయితే ఆచ్ఛాదన అంటారు. ఇక్కడ వానెక్కువ కదా దీనితో పనేంటి అని నేనూ మొదట అనుకున్నా. సియాటెల్‌లో ఏడాదికి పడేది సుమారు 39 అంగుళాలు, వెయ్యి మిల్లీమీటర్లు, మా కోనసీమలో పడేదాని కన్నా ఎక్కువేం కాదు. కాకపోతే అక్కడ కుండపోతగా కురిసి వెళ్ళిపోతుంది, ఇక్కడ ఏడాదిలో 150 రోజులు తుంపర తుంపరగా పడుతూనే ఉంటుంది, అదీ ఎక్కువగా అక్టోబర్ నించి ఏప్రిల్ దాకా. ఉత్త మట్టి మీద ఆ చినుకులు అన్ని నెలలు పడితే పైన పెచ్చు కట్టేస్తుంది, బురద చింది గోడంతా మరకలు, చలి మరీ గడ్డకట్టేంత ఉండదు కాబట్టి కలుపు శీతాకాలం కూడా సుబ్బరంగా పెరుగుతుంది. ఆపైన జూలై ఆగస్టుల్లో వాన దాదాపు ఉండదు, అప్పుడు నేల నెర్రెలిస్తుంది. రెండిటికీ మందు మల్చే.

అంతకుముందు ఏడు మేమే వేసుకున్నాం. హోమ్ డిపోలో సంచులు, ఒక్కోటి రెండు ఘనపుటడుగులు. ముప్పై సంచులు తెచ్చి ముందు బెడ్‌లో వేస్తే దానికే సరిపోలేదు, మా ఆయనకి నడుం పట్టేసి వారం రోజులు మీటింగులన్నీ నిలబడి చేశారు. లెక్క తర్వాత తెలిసింది, ఒక యార్డ్ అంటే 27 ఘనపుటడుగులు, అంటే పదమూడున్నర సంచులు. మా ఇంటికి కావల్సింది తొమ్మిది యార్డులు. 121 సంచులు! కార్లో ఎన్ని ట్రిప్పులు వెయ్యాలి చెప్పండి.

అందుకని 2024 సెప్టెంబర్‌లో కొటేషన్లు అడిగాం. ఒకాయన ఇల్లు చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పేశాడు, వద్దన్నాం. రెండో ఆయన కింద ల్యాండ్‌స్కేప్ ఫాబ్రిక్ పరిచి పైన బార్క్ వేస్తానన్నాడు, కలుపు అసలు రాదు గ్యారంటీ అన్నాడు. ఆ నల్ల గుడ్డ కథ నాకు తెలుసు. పాత ఓనర్లు డ్రైవ్‌వే పక్కన పరిచిందే ఉండేది, దాన్ని పొడుచుకుని హార్స్‌టెయిల్ కలుపు పైకొస్తోంది, గుడ్డ మీద మట్టి చేరి అందులోనే కొత్త కలుపు మొలుస్తోంది, పీకుదామంటే వేళ్ళు గుడ్డలోకి అల్లుకుపోయి చీర చింపినట్టు చింపాల్సొచ్చింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో లిండా చాల్కర్ స్కాట్ అని తోటల శాస్త్రం (హార్టికల్చర్) మీద పనిచేసిన నిపుణురాలు ఒకావిడ, ఈ గుడ్డలు మొక్కల చుట్టూ వద్దే వద్దు, ముతక చెక్క ముక్కలు దళసరిగా పరవండి అని ఏళ్ళ తరబడి చెప్తున్నారు. ఆవిడ మాట అప్పుడే మొత్తం విని ఉంటే ఈ రివ్యూ రాసే అవసరమే ఉండేది కాదు, సరే.

మూడో కంపెనీ మనిషి చక్రం కర్ర దొర్లించుకుంటూ మూడు బెడ్లూ కొలిచాడు, అది నచ్చింది. మూడంగుళాల మందం, తొమ్మిది యార్డులు, సన్న రకం ఫర్ చెట్టు బార్క్, యార్డ్‌కి 130 డాలర్లు, అందులోనే కలుపు తియ్యడం, లాన్ అంచు కొయ్యడం, ఊడవడం అన్నీ కలిపి. 1,170, పైన పది శాతం చిల్లర సేల్స్ ట్యాక్స్, అదీ ఇదీ కలిపి 1,290 దాకా అయింది. అదే బార్క్ లారీలో తెప్పించుకుని మనమే వేసుకుంటే యార్డ్ యాభైకి ఇస్తామన్నారు ఇంకోచోట. మా ఆయన నడుం గుర్తొచ్చి సరే కానివ్వండి అన్నాను.

ఇక్కడ ఒక్క లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. మూడంగుళాల మందానికి ఒక యార్డ్ 108 చదరపు అడుగులు కప్పుతుంది. 900ని 108తో భాగిస్తే ఎనిమిది పాయింట్ మూడు, అంటే తొమ్మిది అడగడం న్యాయమే. తర్వాత ఈ లెక్కే నన్ను కాపాడింది.

పని రోజు గురువారం. ఎనిమిదింటికి వస్తామన్నారు, ఏడూ యాభైకి వచ్చేశారు, ముగ్గురు. అప్పటికి మా నాన్న ఇక్కడే ఉన్నారు, జూన్‌లో వచ్చారు. అమలాపురం పక్క పల్లెలో నలభై ఏళ్ళు కొబ్బరి తోట చూసుకున్న మనిషికి అమెరికాలో ఉదయం పూట చెయ్యడానికి ఏమీ ఉండదు కదా, చేతులు వెనక్కి కట్టుకుని గ్యారేజ్ దగ్గర నిలబడిపోయారు. మిషన్‌తో పైపులోంచి ఊది వేస్తాం అని చెప్పిన కంపెనీ మామూలు డంప్ ట్రక్కు, రెండు తోపుడు బళ్ళు వేసుకొచ్చింది. అదేం పెద్ద విషయం కాదుగానీ కింద టార్పాలిన్ అయినా పరవకుండా తొమ్మిది యార్డులూ డ్రైవ్‌వే కాంక్రీట్ మీదే దించేశారు. తడి బెరడు రంగు దిగుతుందండీ, టీ డికాక్షన్ ఒలికినట్టు, ఆ గోధుమ రంగు మచ్చ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీరు చేయిస్తే మాత్రం టార్పాలిన్ ముందే పరిచి పెట్టుకోండి, వాళ్ళ మీద వదలొద్దు.

కుప్ప కొంచెం తవ్వేసరికి లోపల్నించి ఆవిరి. పెద్ద కుప్పల్లో వేడి పుట్టడం మామూలే. కానీ నాన్న దగ్గరికెళ్ళి గుప్పెడు తీసి వాసన చూసి నా వైపు తిరిగి, "ఏంటమ్మా ఇది, పులిసిన కల్లు వాసనొస్తంది?" అన్నారు. నేనూ చూశాను, నిజమే, కల్లు నేనెరగను గానీ పుల్లగా వెనిగర్‌లా ముక్కుకి కొట్టింది. పెద్ద పెద్ద గుట్టలుగా పోసి తడిసి గాలాడకుండా ఉంటే అడుగు భాగం ఇలా పులుస్తుంది, దాన్ని తిన్నగా తీసుకెళ్ళి చిన్న మొక్కల చుట్టూ వేస్తే ఆకులు మాడిపోతాయి. వాళ్ళ మేస్త్రీని పిలిచి చెప్పాను. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలి, వాదించలేదు. తనూ వాసన చూశాడు, ఆఫీసుకి ఫోన్ చేశాడు, ఆ భాగం విడిగా లాగించి పల్చగా పరిపించి పైపుతో బాగా కడిగించి, అది ఆరేదాకా మిగతాది వేయించాడు. మేం అడక్కపోతే ఏం చేసేవాడో మరి!

పదకొండింటికి నాన్న లోపలికొచ్చి అల్లం టీ పెట్టమన్నారు, వాళ్ళ ముగ్గురికీ కూడా. స్పానిష్ వాళ్ళకి, తెలుగు ఈయనకి, ఇంగ్లీష్ అటూ ఇటూ అంతంతమాత్రం, అయినా పావుగంట మాట్లాడుకున్నారు. లాన్ అంచు కోసిన విధానం నాన్నకి బాగా నచ్చింది, పారలాంటిదాంతో నిలువుగా దింపి నాలుగంగుళాల లోతు కాలవ తీశారు, తాడు కట్టి చేసినట్టుంది. "గట్టు చెక్కడం వచ్చినోడే" అని సర్టిఫికెట్ ఇచ్చేశారు. నిజంగానే ఆ అంచు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, గడ్డి బెడ్‌లోకి రాలేదు, ఈ ఒక్క పనికి అయిదు స్టార్లు ఇస్తా.

కలుపు దగ్గరికి వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. కొటేషన్లో కలుపు తియ్యడం అని రాసుంది. తియ్యలేదు, గొరిగారు. మోటార్ ట్రిమ్మర్‌తో తలలు ఎగరగొట్టి దాని మీద బార్క్ కప్పేశారు. డాండిలయన్‌కి మూరెడు వేరు ఉంటుంది, హార్స్‌టెయిల్ వేళ్ళయితే ఎంత లోతుకి పోతాయో అంతు ఉండదు, ఆ రెండూ తల తీస్తే ఊరుకునే రకాలా? నేను ఆ టైమ్‌కి కాల్‌లో ఉన్నాను, బయటికొచ్చేసరికి కప్పేశారు. నాన్నకి ఆ మిషన్ కొత్త కదా, మొదట ట్రిమ్మర్, తర్వాత పీకుతారేమో అని చూస్తూ నిలబడ్డారట.

మేపుల్ దగ్గరైతే నాన్న ఇక ఆగలేదు. మొదలు చుట్టూ అడుగెత్తున శంకువులా పోసి పైన చేత్తో నున్నగా దిద్దారు, వాళ్ళకి అదే అందం. "ఇదేంటిది, నాగుల చవితికి పుట్ట కట్టారా, పాలు కూడా తేనా?" అన్నారు. మా ఆయన నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయారు. కానీ సరదా కాదండి, ఇక్కడ వీధి వీధికీ ఈ పుట్టలే. చెట్టు బెరడుకి తడి బెరడు అంటుకుని ఏడెనిమిది నెలలు అలాగే ఉంటే మొదలు కుళ్ళుతుంది, కొన్ని చెట్లు పైన్నించే కొత్త వేళ్ళు వేసి వాటి మెడకే చుట్టుకుంటాయి. కొబ్బరికి కూడా అంతేనట, పాదులో డొక్కలు బోర్లా పరిచి తడి నిలబెడతారు గానీ మానుని ఆనించి ఎవరూ పెట్టరట. నాన్న అక్కడే కూర్చుని చేత్తో వెనక్కి లాగేశారు, మొదలు చుట్టూ జానెడు ఖాళీ. చేతికి గ్లవ్స్ లేవు, ఫర్ బెరడు పేళ్ళు ముళ్ళలా దిగుతాయి, ఆ సాయంత్రం నేను సూది పట్టుకుని పదకొండు తీశాను.

ఇంకో మాట కూడా అన్నారు, అప్పుడు నేను పట్టించుకోలేదు. బెడ్‌లో వేలు గుచ్చి చూసి, "నేల పొడిగా ఉంది, తడి మీద కప్పాలి గానీ పొడి మీద కప్పితే వాన లోపలికి పోనివ్వదు కదా" అని. అదే జరిగింది. బెరడుకి సహజంగానే మైనంలాంటి పూత ఉంటుంది, చెట్టు తనలో నీరు పోకుండా దాచుకునేది దాంతోనే. సన్న బార్క్ ఎండితే నీళ్ళు పైనుంచి జారిపోతాయి. సెప్టెంబర్ ఆఖరు అంటే రెండు నెలల ఎండ తిన్న నేల, దాని మీద మూడంగుళాల రెయిన్‌కోట్ కప్పినట్టయింది. అక్టోబర్‌లో వారం రోజులు వాన పడ్డాక పక్కకి తోసి చూస్తే కింద మట్టి దుమ్ములాగే ఉంది. అక్టోబర్ నెలాఖరుకి నేల బాగా నానాక వేయించుకోవాలి, లేదంటే ఏప్రిల్‌లో. కాంట్రాక్టర్ ఖాళీ ఉన్నప్పుడు కాదు. ఈ సంగతి చెప్పాల్సింది కొలతకి వచ్చిన మనిషి.

మొదటి గట్టి వాన అక్టోబర్ మధ్యలో. పొద్దున్నే చెత్త డబ్బా పెట్టడానికి బయటికెళ్తే మా బార్క్ ఫుట్‌పాత్ మీద, రోడ్డు వారన, బారుగా నది ఇసక మేట వేసినట్టు. పై కప్పు నీళ్ళు దిగే గొట్టం దగ్గర బెడ్‌లో గొయ్యి. వెనకాల ఏటవాలులో అయితే పైన మట్టి బట్టతలలా బయటపడింది, కింద ఫెన్స్ దగ్గర అడుగు మందం కుప్ప. ఇక్కడ మట్టి సంగతి కూడా ఉందిలెండి, కొత్త కమ్యూనిటీల్లో పైన నాలుగు వేళ్ళ మట్టి, కింద హిమానీనదాలు తొక్కి వెళ్ళిన గట్టి పొర, నీళ్ళు దిగవు, పైనే ప్రవహిస్తాయి. సన్న బార్క్ తేలికగా తేలుతుంది, ఇంకేం, పడవే. రోడ్డు పక్క డ్రెయిన్ మూత దగ్గర చేప బొమ్మతో బిళ్ళ ఉంటుంది చూశారా, అందులో పడ్డది శుద్ధి ఏమీ లేకుండా తిన్నగా వాగులోకే పోతుంది, మాకైతే నార్త్ క్రీక్. అందులో సాల్మన్ చేపలు. రెండ్రోజుల్లో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) నించి ఈమెయిల్, మర్యాదగానే, కానీ ఫొటోలతో సహా.

అప్పుడు మా అబ్బాయి స్కూల్ స్కేల్ తీసుకుని బెడ్లన్నీ కొలిచాను. ముందు మూడంగుళాలు ఉంది. పక్కన మూడు. వెనకాల ఏటవాలులో కొట్టుకుపోని చోట్ల కూడా ఒకటిన్నర. లెక్కేస్తే మొత్తం మీద ఆరు యార్డుల చిల్లరే వస్తోంది. ఫోన్ చేస్తే ఆఫీసులో అమ్మాయి "వానకి అణుగుతుందండీ" అంది. అణుగుతుంది, ఒప్పుకుంటా. కానీ ముందు అణగకుండా వెనకే ఎందుకు అణిగింది? అది అడిగితే సమాధానం లేదు. ఎక్కడెక్కడ ఎంత ఉందో స్కేల్ పెట్టి తీసిన ఫొటోలు పంపాను, గంటలో ఫోన్ వచ్చింది. కొటేషన్లో మందం ఎంతో రాయించుకోవడం ఎందుకో ఆ రోజు తెలిసింది, ఉత్త 'తొమ్మిది యార్డులు' అని ఉంటే ఎవరు నిరూపిస్తారు?

వారంలో అదే మేస్త్రీ వచ్చాడు, యార్డున్నర తెచ్చాడు, డబ్బు అడగలేదు. నాన్న వెంటబడి మరీ గోడ వారంతా చూపించారు. అక్కడ ఇంకో ఘనకార్యం చేశారు, క్రాల్‌స్పేస్‌కి (ఇంటి కింద ఉండే ఖాళీ జాగాకి) గాలి పోయే జాలీ సగం దాకా బార్క్‌తో మూసేశారు, బయటి గోడకి కొట్టిన చెక్క పలకలకి, అంటే సైడింగ్‌కి, ఆనించి పోశారు. సైడింగ్‌కీ నేలకీ మధ్య కనీసం ఆరంగుళాలు ఖాళీ కనపడాలి. ఈ ఊళ్ళో కార్పెంటర్ చీమలని ఉంటాయి, నల్లగా పెద్దవి, తడిసిన చెక్క దొరికితే అందులో ఇల్లు కట్టేసుకుంటాయి. అవి రిపేర్ చేయించుకున్న కొలీగ్ ఖర్చు చెప్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేస్త్రీ అంతా వెనక్కి లాగి, జాలీ శుభ్రం చేసి, గొట్టం కింద రాళ్ళు పేర్చి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఏటవాలు వైపు చూపించి, ఈ సరుకు అక్కడ నిలవదమ్మా, ముతకది వేసుండాల్సింది, అమ్మేవాళ్ళు ఇదే రాసి పంపిస్తారు అని నిజం చెప్పేశాడు. అందుకే మూడు స్టార్లు, లేకపోతే ఒకటిన్నర.

తర్వాత అనుకోనిది. నవంబర్ 19 రాత్రి బాంబ్ సైక్లోన్, అంటే ఉన్నట్టుండి బలపడే తుఫాను, వచ్చింది కదా, ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. వాన కన్నా గాలి, తూర్పు నించి, ఫర్ చెట్లు అగ్గిపుల్లల్లా పడ్డాయి, మాకు మూడు రోజులు కరెంటు లేదు, గ్యాస్ స్టవ్ మీద పప్పుచారు, కొవ్వొత్తి వెలుగులో నాన్న కోనసీమ తుఫానుల కథలు, 1996 నవంబర్‌లో తోటలో ఒక్క చెట్టు నిలబడలేదట. కరెంటు వచ్చాక రెండిళ్ళ అవతల కూలిన డగ్లస్ ఫర్‌ని కొట్టి చిప్పర్‌లో వేసి ముక్కలు చేస్తున్నారు చెట్ల కంపెనీ వాళ్ళు. నాన్న నన్ను లాక్కెళ్ళారు, "అడుగమ్మా, ఆ పొట్టు ఏం చేస్తారో." వాళ్ళకి అది ఎక్కడో పారబొయ్యాలి, డంపింగ్‌కి డబ్బు కట్టాలి, మా డ్రైవ్‌వేలో పోస్తారా అంటే పండగ. ఈసారి టార్పాలిన్ ముందే పరిచాం. సగం ట్రక్కు, ఉచితం. ఆకులు, పుల్లలు, చెక్క, బెరడు అన్నీ కలిసిన ముతక సరుకు, ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టినట్టు వాసన.

ఏటవాలు మీద బార్క్ మిగిలింది పక్కకి లాగి ఇది అయిదంగుళాలు పరిచాం, రెండు శనాదివారాలు, నేనూ మా ఆయనా మొయ్యడం, నాన్న సర్దడం. "అల్లుడుగారూ మీరు నడుం జాగ్రత్త" అంటూనే ఆయన చేత నలభై బళ్ళు తోయించారు. ఖర్చు ఒక ఝండూ బామ్ డబ్బా. ఆ తర్వాత నాన్న ఇండియా వెళ్ళిపోయారు.

ఇక పోలిక చూడండి. డిసెంబర్, జనవరి వానలకి ముందు బెడ్‌లో బార్క్ ఇంకో రెండుసార్లు ఫుట్‌పాత్ మీదకి వచ్చింది, నేనే ఊడ్చాను. వెనకాల చెక్క ముక్కలు ఒక్కటి కదల్లేదు. పొడుగూ పొట్టీ పుల్లలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని చాపలా పట్టేస్తాయి, నీళ్ళు మధ్యలోంచి కిందకి దిగిపోతాయి, అవే కొంత పీల్చుకుంటాయి కూడా. పచ్చి చెక్క నత్రజని లాగేస్తుంది, మొక్కలు పచ్చబడతాయి అని అందరూ భయపెడతారు. మట్టిలో కలిపితే లాగుతుంది, పైన పరిస్తే మట్టిని ఆనే పల్చటి పొరలోనే ఆ తేడా, వేళ్ళ దాకా పోదు. నా లావెండర్‌కి ఏమీ కాలేదు. కాకపోతే అందం లేదు, ఒప్పుకోవాలి, వెనక పెరడు కాబట్టి సరిపోయింది, ముందు వేస్తే మా హెచ్‌ఓఏ ఊరుకోదు. ముందు బెడ్‌లో ఆ ముదురు గోధుమ రంగు బార్క్ మీద ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్ పూలు రాలితే ఎంత బావుందో, పొగడాల్సింది పొగడాలి.

కలుపు సంగతి. మార్చి నెలాఖరుకి గొరిగిన డాండిలయన్లు అన్నీ లేచాయి, హార్స్‌టెయిల్ బార్క్ లోంచి ఈటెల్లా వచ్చింది. కొత్తగా మొలిచే చిన్న కలుపు మాత్రం నిజంగా చాలా తగ్గింది, మందంగా కప్పడం వల్ల వెలుతురు తగలక. అంటే మల్చ్ తన పని తను చేసింది, మనుషులే చెయ్యలేదు. రెండు ఆదివారాలు కూర్చుని వేళ్ళతో సహా పీకాను. ఒకటి చెప్పాలి, బార్క్ కింద మట్టి మెత్తగా ఉండటంతో వేరు తేలిగ్గా వచ్చేసింది.

మే నెలలో ఒకరోజు మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి బెడ్‌లో కుక్క కక్కింది అన్నాడు. వెళ్ళి చూస్తే పసుప్పచ్చగా నురగలాగా అరచెయ్యంత ముద్ద. ఇక్కడ దాన్ని నిజంగానే కుక్క వాంతి అనే పిలుస్తారు, తడి మల్చ్ మీద వచ్చే బూజులాంటిది ఒకటి, మొక్కలకేం చెయ్యదు, రెండ్రోజుల్లో ఎండి పొడైపోతుంది. పారతో తీసి అవతల పడేస్తే అయిపోయింది. నత్తల బాధ మాత్రం నిజం, పెంకు లేని స్లగ్‌లు, పగలు మల్చ్ కింద చల్లగా పడుకుని రాత్రి హోస్టాల్ని జల్లెడ చేస్తాయి. నా గోంగూర మొలకలు ఒక్క రాత్రిలో పోయాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లి, మొలకలు జానెడు ఎదిగేదాకా వాటి చుట్టూ మల్చ్ దగ్గరికి రానివ్వకుండా రెండోసారి వేశాను, బతికాయి.

మళ్ళీ వేయిస్తానా అంటే ముందు బెడ్‌కీ పక్క బెడ్‌కీ వేయిస్తా, అదే మేస్త్రీ వస్తానంటే అదే కంపెనీ, సెప్టెంబర్ కాదు నవంబర్ మొదటి వారం. సన్నది కాదు మధ్యరకం బార్క్, మందం కాగితం మీద, కలుపు 'వేళ్ళతో సహా' అని కాగితం మీద, చెట్టు మొదలూ గోడా ఆనకూడదని కాగితం మీద. ఈసారి సగం బార్క్ అలాగే ఉంటుంది కాబట్టి పైన ఒక అంగుళం చాలు, 550 అడుగులకి ఒక యార్డూ ముప్పావు, రెండు యార్డులు రాయించుకుంటే సరి, అయిదొందలు దాటితే ఒప్పుకోను. వెనక ఏటవాలుకి ఎవరికీ డబ్బివ్వను, చెట్లు కొట్టే ట్రక్కు కనపడితే ఆపుతా. రంగు వేసిన ఎర్ర మల్చ్ ఎవరైనా అంటగడితే వద్దనండి, ఆ రంగు మన ముగ్గులకి తప్ప ఎక్కడా బావుండదు.

నాన్న ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నా ముఖం చూసేలోపే "ఆ ఎర్రాకు చెట్టు మొదలు చూపించమ్మా" అంటారు. ఫోన్ తీసుకెళ్ళి చూపిస్తా, జానెడు ఖాళీ ఉందో లేదో అక్కడ్నించే కొలిచి, అప్పుడు అడుగుతారు టిఫిన్ ఏం చేశావని.